చిటికెడు అంటే ఎంత? వంటింటి మందులు వాడే పద్ధతి

ఒకరోజు పొద్దున అమ్మ పళ్లు తోముకుని వచ్చి, "చిగుళ్ల నుంచి రక్తం వస్తోందే. ఈ బ్రష్ గట్టిగా ఉన్నట్టుంది, మార్చాలి" అంది. బ్రష్ పట్టుకుని చూశాను. మెత్తగానే ఉంది. అప్పుడే ఆమె ముంజేతి మీద చొక్కా గుండీ అంత నల్లటి మచ్చ కనిపించింది. ఎక్కడ తగిలిందో ఆమెకే గుర్తు లేదు. గుండె కొట్టుకునే లయ సరిగా లేదని ఆమె రెండేళ్లుగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకుంటోంది. ఆ రోజే రక్తపరీక్ష చేయించాం. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యం అవుతోందో చెప్పే అంకె ఐఎన్‌ఆర్. అమ్మకి అది 2కీ 3కీ మధ్య ఉండాలి. 5 దాటింది.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ అడిగితే అమ్మ "ఏమీ లేవండీ" అంది. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే లేవనుకుంది. ఇంటికొచ్చాక ఆమె మంచం పక్కన చిన్న డబ్బా చూశాను. అందులో వెల్లుల్లి గుళికలు, పసుపు మాత్రలు. వాటికి తోడు రోజూ పరగడుపున ఒక పెద్ద గ్లాసుడు అల్లం కషాయం. "ఇవన్నీ ఎప్పటి నుంచమ్మా?" అంటే, "ఒక నెల అయ్యుంటుంది. అల్లం, వెల్లుల్లేగా! అవి మందులా ఏంటి?" అంది.

నేను ఫార్మసిస్టుని. మందుల షాపు కౌంటర్ వెనక 19 ఏళ్లు నిలబడ్డాను. వచ్చినవాళ్లందరినీ ఇంకేం వాడుతున్నారని అడిగేదాన్ని, మా అమ్మని మాత్రం అడగలేదు. డాక్టర్ ఆ మూడూ ఆపించి, కొన్నాళ్లు వార్ఫరిన్ మోతాదు సరిచేశారు. వారం పది రోజుల్లో ఐఎన్‌ఆర్ మళ్లీ దారికొచ్చింది. మూడింటిలో ఏది ఎంత పని చేసిందో చెప్పలేం అన్నారాయన.

ఆ తర్వాత కూడా మా ఇంట్లో అల్లం, పసుపు, మెంతులు, వెల్లుల్లి వాడుతూనే ఉన్నాం. వాటి మీద నాకు నమ్మకం పోలేదు, ఇంకా పెరిగింది. చిగుళ్ల నుంచి రక్తం తెప్పించగలిగిందంటే దానిలో పని చేసే గుణం ఉన్నట్టే కదా. పని చేసే గుణం ఉన్నప్పుడు ఎంత, ఎలా, ఎన్నాళ్లు, దేనితో కలిపి అన్న నాలుగు ప్రశ్నలూ అడగాలి. అసలు అమ్మ వేసుకునే వార్ఫరిన్ పుట్టిందే గడ్డి నుంచి. 1920ల్లో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తిన్న పశువులు రక్తం కారి చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలో ఉన్న పదార్థాన్ని వేరు చేసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్‌ని 1948లో ముందు ఎలకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకు మందుగా ఒప్పుకున్నారు. ఒకే పదార్థం ఎలకకి విషం, మా అమ్మకి ప్రాణం. తేడా అంతా కొలతలోనే ఉంది.

కొలత చెంచా కొనండి

మొదటి పని ఇది. టీ తాగే చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో సైజులో ఉంటాయి. మా ఇంట్లో ఉన్నవాటిలో నీళ్లు పోసి కొలిచి చూస్తే ఒకదానిలో 3 మిల్లీలీటర్లు పట్టాయి, ఇంకోదానిలో 7. కొలత చెంచాల సెట్టు ఒకటి తెచ్చి పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు. అందులో టీస్పూన్ అంటే కచ్చితంగా 5 మిల్లీలీటర్లు. ఈ వ్యాసంలో చెంచా అన్న ప్రతిచోటా అదే, అంచుకు సమానంగా గీసిన చెంచా. గుట్టగా తీస్తే దాదాపు రెట్టింపు అవుతుంది. శొంఠిపొడి చెంచాడు సుమారు 2 గ్రాములు, పసుపు 3 గ్రాములు, మెంతులు 4 గ్రాములు తూగుతాయి.

మందు కన్నా ముందు కంచం

కౌంటర్ దగ్గరికి వచ్చి "ఇమ్యూనిటీకి ఏదైనా ఇవ్వండి" అని అడిగేవాళ్లని నేను ముందు రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. నిన్న పండు తిన్నారా? రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు? చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమంటుంది, 25 గ్రాముల పీచు ఉండాలంటుంది, ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటొద్దంటుంది. ఈ మూడూ కుదరకుండా ఎన్ని కషాయాలు తాగినా పెద్ద లాభం ఉండదు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు పెట్టుకోండి. పాలిష్ తక్కువ పట్టిన గింజ ధాన్యం, ఏదో ఒక పప్పు లేదా చిక్కుడు జాతి గింజలు, గుప్పెడు పల్లీలో బాదమో ఉంటే పీచు దానంతట అదే సరిపోతుంది.

పీచు ఒక్కసారిగా పెంచకండి. ఉత్సాహం కొద్దీ ఒకే రోజు అన్నీ మార్చేసి, కడుపు ఉబ్బరించి, మూడో రోజుకే "ఇది నాకు పడదు" అని వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులకు అలవాటు పడటానికి టైమ్ కావాలి. వారానికి ఒక మార్పు చాలు, దానితో పాటు నీళ్లు పెంచండి. నీళ్లు పెరగకుండా పీచు పెరిగితే మలబద్ధకం ఇంకా గట్టిపడుతుంది.

రక్తం తక్కువగా ఉందన్నవాళ్లకు ఒక చిన్న మాట. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ మాంసంలో ఉన్నంత తేలిగ్గా ఒంటికి పట్టదు. దాని మీద నిమ్మకాయ పిండితే విటమిన్ సి తోడై బాగా పడుతుంది. అదే భోజనంతో టీ తాగితే అందులోని టానిన్లు ఆ ఐరన్‌ని పట్టేసుకుంటాయి. టీ మానక్కర్లేదు, గంట ఆగి తాగండి. నిమ్మరసం మాత్రం పొయ్యి ఆపాకే పిండాలి, వేడికి విటమిన్ సి పోతుంది.

సహజమైనది కాబట్టి ఏమీ కాదు అనేవాళ్లకి నేను రాజ్మా గింజల గురించి చెబుతాను. సరిగా ఉడకని నాలుగైదు గింజలు చాలు, రెండు మూడు గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. అందులో లెక్టిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతుండగా పది నిమిషాలకు తగ్గకుండా ఉడికిస్తే అది విరిగిపోతుంది. ఆ తర్వాత మెత్తబడే దాకా ఎలా వండుకున్నా సరే. అంతే, అదే గింజ మంచి ఆహారం అవుతుంది.

కాచడమా, నానబెట్టడమా

ఏ మొక్క అయినా మందుగా వాడేటప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పుదీనా ఆకు వేసి పావుగంట తెర్లబెడతారు. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. ఆ వాసన ఇంట్లోకి పోయిందంటే కప్పులో లేనట్టే.

ఆకులు, పువ్వులు నానబెట్టాలి. వేర్లు, బెరడు, గట్టి గింజలు కాచాలి. ఇది గుర్తుంటే చాలు. పుదీనా టీకి నేను చేసేది చెబుతాను. గుప్పెడు ఆకులు చేత్తో ఒకసారి నలిపి కప్పులో వేస్తాను. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, అర నిమిషం ఆగి ఆకుల మీద పోస్తాను. వెంటనే పళ్లెం మూత పెడతాను. ఏడెనిమిది నిమిషాల తర్వాత మూత తీసి దాని అడుగు చూడండి. సన్నటి చెమట చుక్కలు ఉంటాయి. వేలితో ఒక చుక్క తీసి నాలుక మీద పెట్టుకుంటే చల్లగా, ఘాటుగా పుదీనా తగులుతుంది. మందు అదే. ఆ చుక్కల్ని కప్పులోకి దులిపి తాగాలి. మూత పెట్టకపోతే అదంతా గాలిలో కలిసిపోతుంది.

తిన్నాక కడుపు బిగదీసినట్టు ఉంటే, గ్యాస్ పట్టేస్తే ఈ టీ బాగా పని చేస్తుంది. పుదీనాలోని ఘాటు నూనెలు పేగు కండరాన్ని సడలిస్తాయి. కానీ అవే నూనెలు ఆహారనాళం అడుగున ఉండే కవాటాన్ని కూడా సడలిస్తాయి. కాబట్టి ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు, మంట పెరుగుతుంది.

అల్లం

వంటింటి మందుల్లో నేను ఎక్కువ నమ్మేది దీన్ని. కడుపులో తిప్పడానికి, ప్రయాణంలో వికారానికి, గర్భిణులకు పొద్దున్నే వచ్చే వేవిళ్లకు అల్లం పని చేస్తుందని పరీక్షల్లో కూడా తేలింది. ఆ పరీక్షల్లో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకు 1 గ్రాము శొంఠిపొడి. అంటే అర చెంచా, అదీ ఒకేసారి కాదు, రెండు మూడు సార్లుగా. గర్భిణులు డాక్టర్‌తో ఒక మాట చెప్పి మొదలుపెట్టాలి.

పచ్చి అల్లం అయితే 5 గ్రాముల ముక్క, సుమారు బొటనవేలి పై కణుపులో సగం. తొక్క గీరి, సన్నగా తరిగి, కప్పున్నర నీళ్లలో పది నిమిషాలు సన్న సెగ మీద మూతపెట్టి కాస్తే కప్పుడు మిగులుతుంది. అల్లం ఎండితే దానికి ఘాటునిచ్చే జింజెరాల్ అనే పదార్థం కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా ఘాటు. అందుకే పచ్చి అల్లం ముక్క ఎంత ఉంటే అంత శొంఠి వేసేస్తానంటే కుదరదు. మా అమ్మ గ్లాసులో నేను కొలిస్తే దాదాపు 30 గ్రాముల అల్లం పడుతోంది, రోజూ, పరగడుపున. రక్తం పల్చబడే మందు లేనివాళ్లకి కూడా అంత పడితే గుండెల్లో మంట ఖాయం.

పసుపు

పసుపు కొమ్ములో మనం మందు అనుకునే కుర్కుమిన్ సుమారు 3 శాతమే ఉంటుంది. చెంచాడు పసుపు 3 గ్రాములు, దానిలో కుర్కుమిన్ 90 మిల్లీగ్రాములు. అందులో కూడా రక్తంలోకి చేరేది చాలా తక్కువ, ఎందుకంటే అది నీళ్లలో కరగదు, లివర్ దాన్ని వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. నూనెలో వేయించే కూరలో పసుపు వేయడం, పైన మిరియాల పొడి చల్లడం మంచి పద్ధతి. మిరియాల్లోని పైపరిన్ ఈ విరిచే పనిని నెమ్మది చేస్తుంది. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో 2 గ్రాముల కుర్కుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే ఒంటికి చేరడం 20 రెట్లు అయింది.

ఈ లెక్క చదివి సంబరపడేముందు మాత్రల సంగతి ఆలోచించండి. చాలా పసుపు మాత్రల్లో ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల కుర్కుమిన్ ఉంటుంది. అంటే ఐదు చెంచాల పైన పసుపు ఒక్క గుక్కలో. దానికి పైపరిన్ కూడా కలిపి అమ్ముతారు. ఇలాంటివి వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న సంగతులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పైగా పైపరిన్ ఒక్క పసుపునే కాదు, వేసుకునే ఇతర మందుల్ని కూడా ఎక్కువ చేరనిస్తుంది. అందుకే నా మాట ఇది: పసుపు కూరలో ఉండాలి, మాత్రగా వద్దు. మోకాళ్ల నొప్పికి తప్పదనుకుంటే డాక్టర్‌కి చెప్పి, లివర్ పరీక్ష చేయించుకుంటూ వాడండి.

ఇంకో జాగ్రత్త. మరీ నిగనిగలాడే పసుపు పొడి చూసి మోసపోకండి. రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న పసుపు రంగు కలిపిన ఉదంతాలు ఉన్నాయి, సీసం పిల్లల మెదడుకి చేటు. కొమ్ములు కొని ఇంట్లో పొడి కొట్టుకోవడం కాస్త మేలు. వాటి మీద నుంచి రంగు పొరలుగా రాలకుండా ఉండాలి.

దగ్గు, గొంతు నొప్పి

జలుబుతో వచ్చే దగ్గుకి పడుకునే ముందు ఒక చెంచా తేనె. ఇంతకన్నా తేలికైన మందు నాకు తెలియదు. పిల్లలకి రాత్రి దగ్గు తగ్గి నిద్ర పట్టడంలో తేనె ఉపయోగపడుతుందని అధ్యయనాలు ఉన్నాయి. కానీ ఏడాది నిండని పసిబిడ్డకు ఒక్క చుక్క కూడా నాకించకండి. తేనెలో బోట్యులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మన కడుపులో అవి ఏమీ చేయలేవు, పసిపేగులో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మరిగించిన తేనె అయినా, ఏ తేనె అయినా ఇదే మాట. ఎవరు ఎంత ప్రేమగా నాకించబోయినా చెయ్యి అడ్డం పెట్టండి.

గొంతు నొప్పికి గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు, అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు.

ఆవిరి పట్టడం గురించి నాకు భయం ఉంది. దుప్పటి కప్పుకుని మరిగే నీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టిన ఎనిమిదేళ్ల బాబు, గిన్నె ఒరిగి తొడలు కాలి, కాలిన పుండుకి ఆయింట్‌మెంట్ కోసం మా షాపుకి వచ్చాడు. వాళ్ల నాన్న చేతులు వణుకుతూనే ఉన్నాయి. పిల్లలకి గిన్నె ఆవిరి వద్దు. స్నానాల గదిలో వేడినీళ్ల షవర్ తిప్పి తలుపు మూసి పక్కన కూర్చోబెడితే చాలు. ఎవరికైనా కాలితే ముందు 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద పెట్టండి. కలబంద గుజ్జు, ఇంకేదైనా ఆ తర్వాతి సంగతి.

మెంతులు, ఇసబ్‌గోల్

మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున ఆ నీళ్లు మాత్రం తాగి, గింజలు పారేసేవాళ్లు చాలామంది. మెంతుల్లో షుగర్ పెరగడాన్ని నెమ్మది చేసేది ఎక్కువగా దాని జిగురు పీచే. అది గింజలోనే ఉంటుంది. ఒక చెంచా మెంతులు నానబెట్టి, గింజలు నమిలి మింగి, ఆ నీళ్లు తాగండి. మొదటి వారం అర చెంచాతో మొదలుపెట్టండి, లేకపోతే గ్యాస్ పడుతుంది. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే మెంతులు మొదలుపెట్టిన రోజుల్లో షుగర్ రెండుపూటలా చూసుకోవాలి, తక్కువైపోయే ప్రమాదం ఉంది. గర్భిణులు వంటలో వేసే పోపు వరకే ఉండాలి. మెంతులు తింటే చెమటకి ఒక తియ్యటి వాసన వస్తుంది, కంగారు పడకండి.

ఇసబ్‌గోల్ పొట్టు ఎలా పని చేస్తుందో ఒకసారి కళ్లారా చూస్తే జాగ్రత్త తెలుస్తుంది. అర గ్లాసు నీళ్లలో ఒక చెంచా వేసి కలిపి పక్కన పెట్టండి. ఐదు నిమిషాలు అయ్యాక గ్లాసు పక్కకి వంచండి. కారదు, ముద్దగా కదులుతుంది. పేగుల్లో అదే జరుగుతుంది. అలా ఉబ్బి మలాన్ని మెత్తగా, బరువుగా చేస్తుంది. అదే ఉబ్బడం గొంతులో జరిగితే ఊపిరి ఆడదు. అందుకని ఒక చెంచా పొట్టు పెద్ద గ్లాసు నిండా నీళ్లలో కలిపి, ముద్దకట్టకముందే ఒక్క పట్టున తాగేసి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. మింగడం కష్టంగా ఉన్నవాళ్లకి, పడుకున్న మనిషికి ఇవ్వకూడదు. వేరే మాత్రలకి దీనికి రెండు గంటల తేడా ఉండాలి, లేకపోతే మాత్రని కూడా ఆ జిగురు పట్టేసుకుంటుంది. ఫలితం మర్నాటికే రావాలని లేదు, రెండు మూడు రోజులు పట్టొచ్చు.

అవిసె గింజలు వాడేవాళ్లు పొడి కొట్టి తినాలి. గింజ గింజగా మింగితే అలాగే బయటికి పోతుంది. పొడి కొట్టాక ఫ్రిజ్‌లో పెట్టి వారం పది రోజుల్లో అవగొట్టండి. దాని నూనె తొందరగా ముక్కిపోతుంది, చేదు వాసన వస్తే పారేయండి.

విరేచనాలు పట్టుకుంటే

ఇక్కడ మొక్క మందుల కోసం వెతుక్కోవద్దు. ప్రాణం నిలబెట్టేది నీళ్లు, ఉప్పు, చక్కెర. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంటే అదే మేలు. లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అంచుకు గీసి కొలిచి, పూర్తిగా కరిగేలా కలపండి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం, కాబట్టి ఉజ్జాయింపుగా వేయొద్దు. గుక్క గుక్కగా తాగించండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

నేను వద్దనేవి

చేదుగా ఉన్న సొరకాయ, దోసకాయ, గుమ్మడి రసాలు. మామూలుగా చేదు ఉండని ఈ కాయలు చేదెక్కాయంటే కుకుర్బిటాసిన్ అనే విషం పెరిగిందని అర్థం. "చేదు ఒంటికి మంచిది" అనుకుని మింగేస్తే రక్తవాంతుల దాకా వెళ్తుంది. ముక్క కోసి నాలుకకి తాకించండి, చేదనిపిస్తే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి.

దాల్చినచెక్క పొడి రోజూ చెంచాలకొద్దీ. ఎక్కువగా దొరికేది కాసియా రకం, మందంగా, గరుకుగా ఉంటుంది. దానిలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, చాలాకాలం తింటే లివర్‌కి మంచిది కాదు. పలుచటి పొరలు చుట్ట చుట్టినట్టుండే సిలోన్ రకంలో అది బాగా తక్కువ.

అతిమధురం వారాల తరబడి. దానిలోని గ్లిసిరైజిన్ బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. బీపీ మందులు వేసుకుంటున్నా బీపీ దిగడం లేదని వచ్చిన ఒకావిడ గొంతు కోసం రోజంతా అతిమధురం చప్పరిస్తూ ఉండేది.

ఇక లవంగ నూనె. పంటి నొప్పికి దూదికి ఒక చుక్క అద్ది పన్ను మీద పెడితే హాయిగా ఉంటుంది. సీసా వంపి చిగురంతా రాస్తే చిగురు కాలిపోతుంది. అది డెంటిస్ట్ దగ్గరికి వెళ్లేలోపు ఒక పూట గడపడానికే.

మందులు వాడుతున్నవాళ్లకి

వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు మానేయాలని చాలామంది అనుకుంటారు. మానక్కర్లేదు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందుకి ఎదురు పని చేస్తుంది. అందుకే ఒక వారం రోజూ తిని ఇంకో వారం మానేస్తే మోతాదు గతి తప్పుతుంది. ప్రతివారం ఒకే మాదిరిగా తినండి, డాక్టర్ ఆ తిండిని బట్టే మోతాదు నిర్ణయిస్తారు. అమ్మ ఇప్పుడు వారానికి మూడు రోజులు తింటుంది, అవే మూడు రోజులు.

గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు) రసం కొన్ని కొలెస్ట్రాల్ మాత్రల్ని, కొన్ని బీపీ మాత్రల్ని రక్తంలో ఎక్కువ పేరుకునేలా చేస్తుంది. దిగులుకి వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక దానికి ఎదురు, గర్భనిరోధక మాత్రలతో సహా చాలా మందుల్ని ఒంట్లోంచి తొందరగా వెళ్లగొట్టేస్తుంది. డిప్రెషన్ మందులతో కలిపి దాన్ని అసలు వాడకూడదు.

ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే మీరు వాడే మూలికలు, గుళికలు అన్నీ సర్జన్‌కి చెప్పండి. ఆకాస్త టైమ్ ఉంటేనే ఏది ఎప్పుడు ఆపాలో ఆయన చెప్పగలరు. వంటలో వెల్లుల్లి గురించి భయం వద్దు. రెండు రెబ్బలు చితక్కొట్టి పది నిమిషాలు ఆగి తిరగమోతలో వేయండి. చితికినప్పుడే వెల్లుల్లిలో మందులా పని చేసే అల్లిసిన్ తయారవుతుంది, వెంటనే వేడి తగిలితే అది తయారయ్యే దారి మూసుకుపోతుంది. పచ్చి వెల్లుల్లి నూరి చర్మానికి కట్టు కట్టడం మాత్రం చేయకండి, బొబ్బలెక్కుతుంది.

కొత్తగా ఏది మొదలుపెట్టినా ఒకసారి ఒక్కటే. రెండు వారాలు చూడండి. మూడు కలిపి మొదలుపెడితే ఏది మేలు చేసిందో, ఏది దద్దుర్లు తెచ్చిందో తేలదు. దగ్గు రెండు వారాలు దాటినా, మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మూడు రోజులకు మించి జ్వరం ఉన్నా వంటింట్లో వెతకడం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా వాడుతున్న గుళికలన్నీ ఆ పూటే ఆపి, డబ్బాలు సంచిలో వేసుకుని మరీ వెళ్లండి.

చివరి పని కాగితం. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: ఏమిటి, ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పటి నుంచి. డాక్టర్ రాసిన మాత్రలు, మీరే కొనుక్కున్న గుళికలు, పొద్దున తాగే కషాయం, అన్నీ ఒకే పట్టికలో రాయండి. మందు, మందు కానిది అని రెండు పట్టికలు వద్దు. ఫోన్‌లో ఫొటో ఒకటి, పర్సులో కాగితం ఒకటి. డాక్టర్ అడిగినా అడక్కపోయినా బల్ల మీద పెట్టండి.

అమ్మ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. మొదట్లో నేనే రాసేదాన్ని. నెలన్నర క్రితం కొత్తది ఒకటి మొదలుపెట్టొచ్చా అని డాక్టర్‌ని తనే అడిగి వచ్చింది. మొన్న పాల కోసం ఫ్రిజ్ తీయబోతూ చూస్తే, అన్నిటి కింద వంకర అక్షరాలతో కొత్త వరుస కనిపించింది: పుదీనా టీ, ఒక కప్పు, రాత్రి భోజనం తర్వాత, సోమవారం నుంచి.